మరిగే నీళ్ళలో వార్డు గాలి

మా అత్తగారూ మామగారూ ఇంట్లో ఉన్నప్పుడు రోజుకి నాలుగు మాటలు మాట్లాడుకుంటే గొప్ప. "అన్నం పెట్టు" ఒకటి, "ఉప్పెక్కువైంది" రెండోది. మిగతా రెండూ పండగలకి దాచుకునేవారేమో, నేనైతే వినలేదు. అలాంటి మామగారు, అత్తగారిని జ్వరంతో ఆసుపత్రిలో చేర్చేసరికి ఒక్క పూట చూడకుండా ఉండలేకపోయారు. కాపరానికొచ్చి ఏడాది కూడా కాని నాకు అదో వింత.

ఫ్రెంచి వాళ్ళు వెళ్ళిపోయిన కొత్త రోజులు. యానాం అంతా ఫ్లూ. మా ఫరంపేటలో దగ్గు వినపడని ఇల్లు లేదు. కొత్తగా వచ్చిన డాక్టరుగారు వార్డులోకి బంధువుల్ని రానివ్వనన్నారు. మామగారు చేపల వ్యాపారి, బేరాలాడి పెరిగిన గొంతు. వార్డు కిటికీ ఊచలు పట్టుకుని నిలదీశారు.

"ఏటండీ డాక్టరుగారూ, గాలిలో ఏదో ఉందంటారు. నా కంటికి అగపడదే! సూపించండి, ఎల్లిపోతాను."

"వైరస్ అండీ. కంటికి కనపడదు."

"కనపడందాన్ని మరి మీరెలా సూశారండీ?"

డాక్టరుగారు కుర్రవాడు, పౌరుషం జాస్తి. "సరే, ఈ గాలి పట్టి మద్రాసు ల్యాబుకి పంపుతాను. ఉందని తేలిందా, మీరీ కిటికీ దగ్గరికి కూడా రాకూడదు. లేదని కాయితం వస్తే ఆవిడ పక్కన నేనే కుర్చీ వేయిస్తాను."

"ఆయ్, అలాగే కానివ్వండి."

మర్నాడు డాక్టరుగారు సైకిలు పంపుని గాలి కొట్టడానికి బదులు లాగేటట్టు మార్చి, పల్చటి మాంసం చారులాంటిదేదో పోసిన సీసాకి రబ్బరు గొట్టంతో తగిలించారు. అత్తగారి మంచం పక్కన పెట్టి మధ్యాహ్నమంతా వార్డు గాలిని ఆ చారులోకి లాగించారు. పక్క మంచం ఆవిడ, తనకెక్కడ గాలి కొడతారోనని నిండా దుప్పటి కప్పుకుందట.

ఆ సీసా మద్రాసు చేరేదాకా చల్లగా ఉండాలి. యానాంలో ఐసు ఎవరి దగ్గరుంటుంది? చేపల వాళ్ళ దగ్గర. అంటే మామగారి దగ్గరే. తన మీద సాక్ష్యాన్ని తనే మోసుకురావలసి వచ్చింది పాపం. తెచ్చి మా ఇంటి అరుగు మీద పెట్టి, ఐసు పెట్టె కోసం వెళ్ళారు.

ఇక నా ఘనకార్యం. "ఆసుపత్రి నుంచి ఏ వస్తువొచ్చినా మరిగే నీళ్ళలో వెయ్యకుండా ఇంట్లో పెట్టొద్దమ్మా" అని ఆ డాక్టరుగారే నాకు రెండుసార్లు చెప్పారు. చదువుకున్న వాళ్ళ మాట వినాలి కదా! సీసాని మరిగే గంగాళంలో ముంచి, అన్నం వార్చి కూర దించేదాకా ఉంచాను. తీసి, చల్లారాక తుడిచి, మళ్ళీ అరుగు మీద పెట్టాను. మామగారు వచ్చి దాన్ని ఐసులో పెట్టి, చుట్టూ ఊక కూరి, గోనెపట్టా కుట్టారు. పులసకి కూడా అంత మర్యాద చెయ్యలేదాయన.

మూడు వారాలకి కాయితం వచ్చింది. గాలిలో ఏమీ దొరకలేదట. అత్తగారి జ్వరం అప్పటికి నిమ్ములోకి దిగింది, ఇంకా మంచం మీదే ఉన్నారు. "ఆ వైరస్ వేడి తగిలితే తప్ప చావదే!" అని గొణుక్కుంటూనే డాక్టరుగారు మాట ప్రకారం కుర్చీ వేయించారు. నాకు గంగాళం గుర్తొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. మామగారు అప్పటికే ఉతికిన పంచె కట్టుకుని వార్డు గుమ్మం దాటుతున్నారు. నోరు మూసుకున్నాను.

మూడు రోజులు కూర్చున్నారు. వార్డు నిండా కొత్త జ్వరాలు, కొత్త దగ్గులు. నాలుగోరోజు ఆయన ఒళ్ళే కాలిపోయింది. మగవాళ్ళ వార్డులో చేర్చారు. బతికి బయటపడ్డారు కాబట్టి ఇవాళ నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు కిటికీ దగ్గర నుంచుని వెక్కి వెక్కి ఏడ్చాను.

"నేనే మావయ్యగారూ! మీరు ఐసు కోసం వెళ్ళినప్పుడు ఆ సీసాని మరగబెట్టేశాను."

ఆయన దగ్గుతూ నవ్వారు. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! సెప్పావుగా, ఇంకెవరికీ సెప్పకు. మూడ్రోజులు కూకున్నాను కదే మీ అత్త పక్కన."

మర్నాడు అత్తగారిని ఇంటికి వెళ్ళిపోవచ్చన్నారు. ఆవిడ ఇంటికి రాలేదు. మామగారు ఆవిడ తలగడ కింద దాచిన మద్రాసు కాయితం చేత్తో పట్టుకుని, తూలుకుంటూ సరాసరి మగవాళ్ళ వార్డు గుమ్మం దగ్గరికి నడిచారు. వెనకే నేను.

"కుర్చీ ఎయ్యించండి బాబూ. కాయితం ఉంది."

డాక్టరుగారు పక్కకి తప్పుకున్నారు. లోపల్నుంచి మామగారి కేక వినపడింది.

"దాన్ని రానివ్వకండి!"

"గాలిలో ఏం లేదని మీరు గెలిసిన కాయితమే గదండీ?"

"ఉందే. గాలి నిండా ఉంది. ఎల్లిపో."

"కంటికి అగపడందాన్ని ఎలా సూశారండీ?"

ఆయన నా వంక చూశారు. నేను తల దించుకున్నాను.

"అగపడక్కర్లేదే. మళ్ళీ నీకొస్తే నేను బతకను. పో, ఆ కిటికీ కాడ నుంచో."

అత్తగారు కాయితం మడిచి బొడ్లో దోపుకుని, బయటికెళ్ళి, చీకటి పడేదాకా ఊచలు పట్టుకుని నుంచున్నారు.