రెక్కలొచ్చిన పురుగు

శిడ్లఘట్టలో బస్సు దిగగానే పట్టుగూళ్లు ఉడికే కంపు ముక్కుకు కొట్టింది. వెంటనే చర్చి గుర్తొచ్చింది.

మా తమ్ముడు జ్వరంతో చనిపోయిన ఏడాది నాకు పదమూడేళ్లు. చర్చిలో ఆదివారాలు జరిగే కన్ఫర్మేషన్ క్లాసులో, మా వయసు పిల్లలకి విశ్వాస పాఠాలు చెప్పే టీచరక్క ఒక పట్టుగూడు చూపించి, "సమాధి కూడా ఇట్లాంటిదే. పురుగు లోపల నిద్రపోతాండాది. రెక్కలతో లేస్తాది," అనింది.

మాది గూళ్లు ఉడకేసి దారం తీసే ఇల్లు. లేచిన పురుగును నేనెన్నడూ చూడలేదు.

"ఉడకేసినాక యాడ లేస్తాయక్కా?" అన్నాను.

"ఒకటి ఉడకేయకుండా పెట్టి చూడు పాపా," అనింది.

తమ్ముడి టిఫిన్ డబ్బాలో ఒక గూడు పెట్టి రోజూ చూసేదాన్ని. నిజంగానే పురుగు తెల్లటి రెక్కలతో బయటికొచ్చింది. అరచేతిలోకి తీసుకుని "ఎగురప్పా" అన్నాను. రెక్కలు కొట్టుకుందేగానీ ఎగరలేదు. ఆకు పెడితే ముట్టలేదు.

"దానికి తినేకి నోరుండదు, ఎగిరేకి శక్తుండదు. రొండు మూడు దినాలుంటాది, అంతేనమ్మా," అనింది అమ్మ.

మరుసటి ఆదివారం టీచరక్క "లేచిందా?" అని అడిగింది. లేచిందన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

టీచరక్క చెప్పింది అబద్ధం కాదు. కానీ తమ్ముణ్ణి లేపమని రోజూ చేసే ప్రార్థన ఆ రోజే మానేశాను. మళ్లీ మొదలుపెట్టే ధైర్యం ఇప్పటికీ రాలేదు.