జిజాన్ కొండల్లో రాతి గోడ విప్పిన రోజులు

సౌదీలో ముందు స్థానికులకే పని అనే నితాఖత్ పేరుతో మా కంపెనీ సగం మందికి ఎగ్జిట్ కాగితాలు ఇచ్చిన ఏడాది నా డైరీలో నాలుగు పేజీల నిండా రాళ్ల బొమ్మలే ఉన్నాయి. అప్పుడు నేను జిజాన్‌లో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ ఒకాయన నా కింద పనిచేసేవాడు. వీసాకు పూచీ పడే వేరే కఫీల్ దొరక్కపోతే నెలాఖరుకు ఆయనా ఇంటికే.

ఆ వారంలోనే కొండ మీది ముసలి సౌదీ ఒకాయన తాతల నాటి ఇల్లు చూడమని పిలిచాడు. మూడంతస్తుల గుండ్రటి రాతి ఇల్లు. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి, అంతే. గోడ మందం కొలిచాను. కింద రెండు మూరలు, పైన ఒకటిన్నర. ఒక పక్క మాత్రం గోడ ఉబ్బింది. కూల్చేయమని ఇంజనీరు చెప్పి వెళ్లాడట.

మేస్త్రీ చిన్న సుత్తితో తట్టి విన్నాడు.

"కూలగొట్టుడు ఎందుకు సారూ. ఎవడో తెలివిగల్లోడు ఈడ సిమెంటు పూసిండు. వాన నీళ్లు లోపల్నే ఉండిపోయినయ్. గోడకు ఊపిరాడ్తలేదు."

నా వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ముసలాయన నేల చూశాడు. ఆ సిమెంటు పూయించింది ఆయనే. గోడ నిలబెడితే మేస్త్రీ ఇఖామాను, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డును, తన కఫాలత్ మీదికి మార్పించుకుంటానన్నాడు.

మర్నాడు అంతస్తులకు దుంగలు ఆసరా పెట్టి ఉబ్బిన పక్క గోడ విప్పాం. ప్రతి రాయికీ సుద్దతో అంకె వేసి, డైరీలో దాని చోటు గీశాను.

"పెండ్లి పిల్లకు బొట్టు పెట్టినట్టు పెడ్తున్నరు సారూ. రాయికి దాని జాగ తెల్వదా?" అని మేస్త్రీ నవ్వాడు.

నూట పన్నెండో రాయి దగ్గర ఆ నవ్వు ఆగింది. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయి రెండు వరసల్నీ పట్టి ఉంచే పొడుగు రాయి అది. నడుముకు విరిగి ఉంది. అంత పొడుగు రాయి కోసం రెండు రోజులు కొండంతా తిరిగాం. దొరకలేదు.

మూడో రోజు మేస్త్రీ నా చెవిలో అన్నాడు. "ఉన్నది సారూ. ముసలాయన దాని మీదనే కూసున్నడు."

గుమ్మం పక్కన, ఒకప్పుడు ఆయన తండ్రి కూర్చున్న అరుగు రాయి. చేత్తో చూపించాను. ఆయన కాఫీ గిన్నె పట్టుకుని లేచి పక్కకు జరిగాడు.

ఆరో రోజు గోడ తిరిగి లేచాక దుంగలు తీశాం. ముసలాయన ఒక్కడే మేడెక్కి, మేం కట్టిన వైపు అంచున నిలబడి కాలితో రెండు సార్లు గట్టిగా తొక్కాడు. చిన్న రాయి కూడా రాలలేదు. దిగివచ్చి మేస్త్రీ ముందు చెయ్యి చాపాడు. "ఇఖామా."

"జేబులకెంచి మీరే తీయుండ్రి సారూ," అన్నాడు మేస్త్రీ. "నా చేతులనిండ రాతి దుమ్మున్నది."