టెంట్‌హౌస్ సర్వరు, మా ఇంటి గుండిగలు

మా ముత్తాత మాలీ పటేలు, అంటే ఊరి శిస్తు వసూలు చేసే అధికారి. ఆయన తండ్రీ మాలీ పటేలే. వాళ్లు నడిచి వస్తుంటే మెదక్‌లో అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. తాత కాలానికి పటేలుగిరీ పోయినా, ఎవరింట్లో పెళ్లయినా వంటపాత్రలు మా ఇంటినుంచే వెళ్లేవి. మనిషి దిగి తోమేంత ఇత్తడి గుండిగలు, రాగి గంగాళాలు. కిరాయి లేదు. ఒకటే షరతు, సొట్ట పడితే సాపు చేయించి, కళాయి పోతే పెట్టించి తిరిగివ్వాలి. ఆ రోజుల్లో, అంటే నేను కంప్యూటర్ డిప్లొమా చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఈ సంగతులన్నీ ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ని. (ఇప్పుడు మీరూ అడగలేదు.)

చేరింది టెంట్‌హౌస్ సేటు దగ్గర. పెళ్లి సామాను కిరాయికిచ్చే ఆయనకు మెదక్‌తోపాటు శంకరంపేటలో, కుల్చారంలో దుకాణాలుండేవి. ఒకే షామియానాను రెండు దుకాణాలు రెండు పెళ్లిళ్లకు ఒప్పుకుని, ఒక పెళ్లికొడుకు మిట్టమధ్యాహ్నం ఎండలో తాళి కట్టాక, మూడుచోట్లా ఒకే లెక్క కనిపించేలా సర్వరు పెట్టాలని సేటు నిశ్చయించాడు. దానికో గది, గదికి ఏసీ, ఏసీ కింద తిరిగే కుర్చీ. ఎవరు చెప్పిన సాఫ్ట్‌వేర్ పెడితే ఆ గదికి వాళ్లే ఇన్‌ఛార్జి. నేను మనసులో ఎప్పుడో ఆ కుర్చీలో కూర్చుని, వెనక గోడకు ముత్తాత ఫొటో కూడా తగిలించాను.

అడ్డొచ్చినవాడు కాంపౌండు. చర్చి కాంపౌండులో ఉంటాడని వాడికా పేరు. నాకంటే చిన్నవాడు, నాతోపాటే చేరాడు. సేటు నాకు స్టీలు గ్లాసులో చాయ్ పోయించి, వాడికి పింగాణీ కప్పులో పోయించేవాడు. నన్ను 'పటేలా' అని, వాణ్ని 'బేటా' అని పిలిచేవాడు. వాడిది చర్చిలో పాటలు పాడే గొంతు కావడంతో, కరెంటు పోయిందని చెప్పినా వినసొంపుగా ఉండేది. వాడి చొక్కా ఇస్త్రీ మడత సాయంత్రమైనా నలిగేది కాదు. దాన్ని చూస్తూ కూర్చుంటే నాకు తిన్న అన్నం ఒంటబట్టేది కాదు.

ఒకరోజు సేటు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాడు. "చెప్పుండ్రి, ఏది పెడదాం?"

"ఊరికె వచ్చేదున్నది సేటు," అన్నాడు కాంపౌండు. "లైసెన్సు పైసల్ లెవ్వు. లోపలెట్ల రాసిన్రో సూసుకోవచ్చు. ఖరాబుంటే మనమే మంచిగ జేసి, జేసింది అందరికియ్యొచ్చు."

"ఖరాబైతే ఎవనికి ఫోన్ జేస్తం సేటు? కొన్నదానికైతే కంపెనీ ఉంటది, జవాబు చెప్తది," అన్నాను. మంచి మాటే. సేటు తలూపాడు కూడా.

"గట్లయితే ఇప్పుడే జెయ్ పటేలా. ఏం జవాబు చెప్తరో సూద్దాం."

కంపెనీకి చేసి స్పీకర్ పెట్టాను. సంగీతం వచ్చింది. ఒకటి నొక్కమంటే నొక్కాను. మళ్లీ సంగీతం. నా చాయ్ మీద మీగడ కట్టింది. కాంపౌండు ఆ సంగీతానికి మెల్లగా కాలు ఊపుతున్నాడు. (తాళం తప్పలేదు. అదే ఎక్కువ మండింది.)

"పెట్టెయ్ పటేలా. బ్యాండుమేళం మన దగ్గర గూడ ఉన్నది," అన్నాడు సేటు.

ఇక నా దగ్గర మిగిలింది ఇంటి పరువొక్కటే. వెన్ను నిటారుగా పెట్టి, "ఊరికె ఇచ్చేదానికి ఇజ్జత్ ఉండది సేటు. తీసుకునేటోనికీ ఉండది," అన్నాను.

కాంపౌండు నావైపు చూశాడు. వెక్కిరింపు లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గట్లంటవేందన్నా? మా నాయనమ్మ పెండ్లి వంట మీ గుండిగలల్లనే అయిందట. సొట్టవడ్డదాన్ని మా తాత సాపు జేపిచ్చి, కళాయి పెట్టిచ్చి తెచ్చిచ్చిండట. మీ తాత మస్తు ఖుషైండని ఇప్పటికీ చెప్తది. గిదీ గంతే గదన్నా."

మా తాత గొప్పతనాన్ని కూడా నాకంటే వాడే బాగా చెప్పాడు, పైగా ఆ గొంతుతో. సేటు గది తాళంచెవిని బల్లమీదుగా వాడివైపు జరిపాడు.

ఇప్పుడు నేను మెదక్‌లో కొన్ని దుకాణాల సర్వర్లు చూస్తున్నాను. అన్నీ ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్‌తో నడిచేవే. ఎందుకని ఎవరైనా అడిగితే మా ఇంటి గుండిగల సంగతి చెబుతాను. ఆ పోలిక కాంపౌండుదని మాత్రం చెప్పను. (మొన్న బజారులో కనిపించాడు. జుట్టు నెరిసింది, మడత నలగలేదు.) ఆనాడు మా ముగ్గురిలో ఎవరూ అనని మాట ఒకటుంది. ఆ గుండిగలు అప్పటికే సేటు గోదాములో ఉండి పెళ్లిళ్లకు కిరాయికి తిరుగుతున్నాయి. నా డిప్లొమా ఫీజు కోసం మా నాన్న వాటిని ఆయనకే తూకానికి అమ్మాడు.