ఇనాక్ టడ్జ్ అంకెలు

ఇనాక్ టడ్జ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంగ్లండులో ష్రాప్‌షైర్ ప్రాంతంలోని అతని ఊళ్లో అందరికీ తెలుసు. గార కింద మూసుకుపోయిన ఓక్ కర్రను వెలికితీసి, నలభై ఏళ్లుగా పాత కట్టడాలు బాగుచేస్తున్న వడ్రంగి. తండ్రి అమోస్‌దీ అదే పని. ఆ సోమవారం వచ్చిన కోపం మాత్రం ముక్కు మీదిది కాదు, ఎముకల్లోంచి వచ్చింది.

‘త్రీ మ్యాగ్‌పైస్’ పబ్ ముందు గోడ గుంజలు అడుగున పుచ్చిపోతే, ఇనాక్ శుక్రవారానికల్లా ఆ గోడ కర్ర చట్రమంతా విప్పి పెరట్లో పేర్చాడు. అరవై మూడు కర్రలు. నాలుగు వందల ఏళ్ల కిందటి వడ్రంగి ప్రతి అతుకు దగ్గరా, కలిసే రెండు కర్రల మీదా ఒకే అంకె ఉలితో గీశాడు. ఒకదాని కోసం చెక్కిన అతుకు ఇంకోదానికి పట్టదు. ఇనాక్ వాటిని కాగితం మీద రాసుకోలేదు. నాలుగు వందల ఏళ్లు చెరగనివి శని, ఆదివారాల్లో ఎక్కడికి పోతాయి?

పోయాయి. కోతి చేతికి కొబ్బరికాయ దొరికినట్టు, ఆ పబ్ కొత్త మేనేజర్ క్రిస్పిన్ చేతికి వచ్చి ఏడాదైంది. ఆ రెండు రోజుల్లో అతగాడు ఇసుకను జోరుగా చిమ్మే యంత్రం తెప్పించి కర్రల గుట్టంతా తోమించాడు.

"చూశారా, ఎంత శుభ్రంగా ఉన్నాయో! మసి అంతా వదిలిపోయింది."

"మసితోపాటు అంకెలూ వదిలాయిరా సన్నాసీ!"

"ఆ పిచ్చిగీతలా? ఎవరో తాగుబోతుల పని అనుకున్నానండీ."

"నీకంటే బుద్ధున్నవాడి పని. ఏదీ, ఏ రెండైనా తీసుకుని ఒక్క అతుకు కలిపి చూపించు, రా!"

క్రిస్పిన్ ఫోన్ చూసుకుంటూ లోపలికి జారుకున్నాడు.

ఐదు వారాలు పట్టింది. ఇనాక్ ఒక్కో కర్రనూ మోసి, ఆనించి, పట్టకపోతే తిట్టి, మళ్లీ మోశాడు. అన్నాళ్లూ ఆ పబ్‌లో గుక్కెడు బీరు ముట్టలేదు. గుట్ట అడుగున ఇసుక తగలని కర్ర ఒక్కటి దొరికింది. దాని మీద అంకె, పక్కనే అమోస్ పేరులోని మొదటి అక్షరం. యాభై ఏళ్ల కిందట తండ్రి మార్చిన కర్ర అది. దాన్ని చూసి ఇనాక్‌కి ఓదార్పేమీ కలగలేదు. మిగతా అరవై రెండూ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

గోడ నిలబడ్డాక క్రిస్పిన్ వచ్చి తల పైకెత్తాడు.

"ఇదొక్కటే నల్లగా ఉందేంటండీ? దీన్నీ తోమించేస్తే సరి."

ఇనాక్ నిచ్చెనెక్కి, తాపీతో సున్నపు గార తీసి, తండ్రి గీసిన అక్షరం మీద దట్టంగా మెత్తాడు. అంకె మీదా మెత్తాడు. కర్ర కనబడకుండా పోయేదాకా మెత్తి, తాపీని కింద క్రిస్పిన్ కాళ్ల దగ్గరికి విసిరాడు.

"ఇప్పుడు తోమించుకో."