జాకీకి నేర్పని మాట

మొదట మువ్వ వినబడుతుంది. దూడ మెడలో కట్టే ఇత్తడి మువ్వ. సందు మలుపు అవతల ఎండే సన్నగా మోగుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడుకు నర్సీపట్నంలోని మా సందు సర్దుకుంటుంది. ఎవరో కుక్కపిల్లను చంకనెత్తుకుంటారు. ఎవరో అరుగు మీద నిద్రపోతున్న కుక్కను చీపురుతో లోపలికి తోలుతారు. టీ కొట్టు రమణబాబు గ్లాసులు కడుగుతూనే అరుస్తాడు.

“సింగన్నొచ్చీనాడ్రా! కుక్కకి సైరనెట్టినాడు గానీ, నెత్తి మీద ఎర్ర లైటు మరిసిపోనాడు.”

తర్వాత మనిషి కనిపిస్తాడు. సింగన్నకు యాభై దాటాయి. కలప డిపోలో దుంగలు పేర్చే పని. లుంగీ ఎగ్గట్టి, కొంచెం పక్కకు తిరిగి నడుస్తాడు, తన ఒంటినే తలుపు చేసి అడ్డం పెట్టినట్టు. ఆ తలుపు వెనక జాకీ. మోకాలెత్తు టెర్రియర్. తెల్లటి ఒళ్ళు, ఒక చెవి మీద టీ ఒలికినట్టు మచ్చ, మెడలో ఆ మువ్వ, మూతికి తీగ బుట్ట. మనుషుల దగ్గర అది వెన్నముద్ద. పిల్లలు తోక లాగినా ఊరుకుంటుంది. ఇంకో కుక్క కనిపిస్తే మాత్రం ఆ చిన్న ఒంట్లో ఏదో తెగిపోతుంది.

దూరాన కుక్క కనబడగానే సింగన్న ఆగుతాడు. అరవడు. తాడు గుంజడు. జేబులోంచి ఎండుచేప ముక్క తీసి జాకీ ముక్కు ముందు ఆడించి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి తిరుగుతాడు. జాకీ ఒకసారి ఆ కుక్క వైపు, ఒకసారి అతని చేతి వైపు చూస్తుంది. ఈమధ్య చెయ్యే గెలుస్తోంది.

“ఇది పిల్లగా ఉన్నప్పుడే ఇలాగ సేసుంటేనా, బావూ...” అని నాతో ఒకసారి మొదలుపెట్టి, మిగతా మాటను గాలికి వదిలేశాడు.

జాకీ పెరిగింది సందులో కాదు. కృష్ణదేవిపేట దారిలో ఒక జీడితోటలో. సింగన్న అక్కడ కాపలా ఉండేవాడు. తోట యజమాని విశాఖపట్నం నుంచి ఒక పిల్లను తువ్వాల్లో చుట్టి తెచ్చి, జాతి కుక్క, కోతుల్ని రానివ్వదు అని చెప్పి అతని ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. వేసవిలో జీడిపళ్ళు ఎర్రగా, పసుప్పచ్చగా వేలాడుతుంటే కోతులు జల్లులా దిగేవి. సింగన్న పాక ముందు నిలబడి “ఉస్కో!” అనేవాడు. జానెడు కుక్క వడిసెల రాయిలా పోయేది.

ఒకరోజు పక్క తోట కుక్క గట్టు దాటి వచ్చింది. జాకీకి మూడింతలుంది. అలవాటు కొద్దీ సింగన్న “ఉస్కో” అన్నాడు. పెద్ద కుక్క కుంటుకుంటూ పారిపోయింది. గింజలు ఏరుతున్న ఆడవాళ్ళు బుట్టలు దించి నవ్వారు.

“బెత్తెడు లేదు గానీ, దీని పౌరుషం సూడండర్రా!” అందట గంగాభవాని అనే కూలీ మనిషి.

ఆ నవ్వు సింగన్నకు కల్లులా ఎక్కింది. ఆ తర్వాత తోటకు ఎవరొచ్చినా ఆ ఆట చూపించేవాడు. అరవడం అతని వంతు, దూకడం జాకీ వంతు. ఆ గొంతు వెనక నుంచి ఎంత గట్టిగా వస్తే అంత గట్టిగా కరవాలని దానికి తెలిసింది. ఆగమనే మాట నేర్పాలని అతనికి తోచలేదు. తోట పెద్దది. కోతి చెట్టెక్కితే కుక్క తనంతట తనే వచ్చి కాళ్ళ దగ్గర పడుకునేది.

కొన్నేళ్ళకు తోట కొట్టేశారు. చెట్ల చోట తెల్లరాళ్ళు మొలిచాయి, ప్లాట్లయ్యాయి. సింగన్న కుక్కను తీసుకుని నర్సీపట్నం వచ్చాడు. తోటలో పౌరుషం అనిపించుకున్నది సందులో నేరమైంది.

అతనికి మా సందులో గది ఇప్పించింది దేవుడమ్మ. అరవై ఏళ్ళ మనిషి. ఆకుకూరలు అమ్ముకుంటుంది. వెనకా ముందూ ఎవరూ లేరు, చిట్టి తప్ప. చిట్టి ఆవిడ గుమ్మంలో పడుకునే ముసలి వీధికుక్క. పొద్దున ఆవిడ గంపెత్తుకుంటే బస్టాండు దాకా వెంట వెళ్ళి, మధ్యాహ్నం దాకా గుమ్మంలో ఎదురుచూసేది. సింగన్న ఆవిణ్ణి సొంత అక్కలా అప్పా అని పిలిచేవాడు. కూర ఆవిడ వండితే అన్నం అతను వండేవాడు. మధ్యన గోడ ఉందన్న మాటే గానీ ఇద్దరిదీ ఒకటే వంట.

జాకీ వచ్చిన కొత్తలో రెండు మూడు కుక్కలకు కుట్లు పడ్డాయి. సందంతా తిట్టింది. అప్పుడు సింగన్న తనకు తెలిసిన పని చేశాడు. నూర్పిళ్ళప్పుడు ఎద్దులు గడ్డి తినకుండా మూతికి కట్టే తాళ్ళ వల, చిక్కం, అతను చిన్నప్పటి నుంచీ అల్లినవాడే. జాకీ కొలతకు కొబ్బరితాడుతో ఒకటి అల్లి బిగించాడు. ఎద్దు నోరు మూసుకునే నడుస్తుంది. కుక్క నాలుక చాపి రొప్పితేనే దాని ఒళ్ళు చల్లబడుతుందని అతనికి తెలియదు.

“కల్లంలోకి తోలుకెల్తన్నావేటి దాన్ని?” అని రమణబాబు నవ్వాడు.

అది ఏప్రిల్ నెల. మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు కుక్కలన్నీ నీడపట్టున ఉంటాయని సింగన్న జాకీని తిప్పి తీసుకొస్తున్నాడు. దేవుడమ్మ అప్పుడే గంప దించి కాళ్ళు కడుక్కుంటోంది. జాకీ కాళ్ళు తేలేస్తోంది. కళ్ళు ఎర్రబడ్డాయి. బిగిసిన చిక్కంలోంచి చొంగ కారుతోంది.

“ఒరే తమ్ముడూ, నోరు కట్టీసి ఎండలో తిప్పుతావేట్రా? నీకు నోరు కడితే తెలుస్తాది. తియ్యి. బేగి తియ్యి. తొట్టిలో నీలున్నాయి.”

“వొద్దప్పా, సిట్టి...”

“సిట్టి లోపల తొంగుందిలే. తియ్యిరా.”

అతను ముడి విప్పాడు. జాకీ తొట్టిలో మూతి పెట్టింది. నీళ్ళు తాగే ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందో సింగన్న తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ఆ హాయిలో తాడు వదులైంది. దేవుడమ్మ గొంతు విని చిట్టి గుమ్మం దాటింది.

“ఒద్దురా! జాకీ, ఒద్దు! ఒగ్గీరా!” అని అరిచాడు సింగన్న. ఎంత అరిస్తే అంత బిగించింది జాకీ. అది అవిధేయత కాదు. ఆ గొంతు, ఆ కేక, వెనక నుంచి. దాని బతుకంతా ఆ కేకకు ఒకటే అర్థం. రమణబాబు బకెట్ నీళ్ళు కుమ్మరించేసరికి చిట్టి మెడ వాలిపోయింది.

దేవుడమ్మ తిట్టలేదు. చిట్టిని గంపలో పెట్టుకుని, మీద పాతచీర కప్పి, “నానే తియ్యమన్నాను” అంది. ఎవరితోనో కాదు, గంపతో. ఆ తర్వాత ఎవరు పలకరించినా అదే మాట.

పశువుల ఆసుపత్రిలో సత్యశ్రీ అనే డాక్టరమ్మ చిక్కాన్ని తీసుకుని పక్కన పడేసింది. లోపల నోరు తెరిచి రొప్పే వీలున్న తీగ బుట్ట తెప్పించి ఇచ్చింది. “అరవకండి సింగన్నగారూ. మీరు అరిస్తే మీరూ తనతో కలిసి మీద పడుతున్నారనుకుంటుంది. దూరం నుంచే తిప్పండి. గుర్రుమనక ముందే తిండి చూపించండి.” మువ్వ మాత్రం సింగన్న ఆలోచనే. అందరికీ ముందుగా వినబడాలని.

వానలు పడ్డాక డిపో వెనక ఒక కుక్క ఈనింది. సింగన్న ఒక పిల్లను తువ్వాల్లో పెట్టుకుని దేవుడమ్మ గుమ్మంలోకి వచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నాను. ఆవిడ పిల్లను తీసుకుంది. పాలవాసన వేసే దాని మూతిని చెంపకు ఆనించుకుంది. చాలా రోజులకు ఆ ముఖం మీద వెలుతురు పడింది. అప్పుడే పక్క గది తలుపును జాకీ గోళ్ళతో గీకింది. గోడలోంచి ఎవరో గీత గీసినట్టు.

ఆవిడ పిల్లను తిరిగి తువ్వాల్లో పెట్టింది.

“తల్లి కాడ ఎట్టీరా తమ్ముడూ. ఇంకో పానం నా సేతుల్లో వొద్దు.”

“అప్పా, జాకీ ఇప్పుడు మారినాది. నా సెయ్యి సూత్తాది.”

“మారినాదిలే. నాకే బయ్యం. తియ్యమన్నది నానే కదేటి.”

“నీ తప్పేటుందే అప్పా! నానొక తిట్టు తిన్నా బాగుండును.”

“నిన్ను తిట్టి ఏటి సేత్తాను? తిట్టితే సిట్టొత్తాదా?”

తువ్వాల్లో పిల్ల ఆవులించింది. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం సింగన్న కాలవ గట్టు మీద జాకీని పక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే తీసుకునేవాళ్ళు కుక్కల పందేలకు తీసుకుంటారు. సూది వేయించి చంపించమని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. “నానే నేర్పినాను కదండీ. దానికేటి సిచ్చ?” అన్నాడు నాతో. అది గోడ పక్కన ఉన్నంతకాలం ఆవిడ గుమ్మం ఖాళీగానే ఉంటుందని మాత్రం అతనికి తెలిసిపోయింది.

నాతవరం అవతల ఒక జీడితోటకు కాపలా మనిషి కావాలన్నారు. చుట్టూ తీగ కంచె ఉంది, దగ్గర్లో ఇళ్ళు లేవు. డిపో పని మానేసి ఆటో మాట్లాడుకున్నాడు. ఒక ట్రంకుపెట్టె, ఒక కుండ, జాకీ. దేవుడమ్మ గోంగూర కట్ట తెచ్చి సీటు మీద పెట్టింది. జాకీ బుట్ట మూతిని ఆవిడ చేతికి ఆనించింది. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

“మల్లా ఎప్పుడొస్తావురా?”

“పంట అయిపోనాకొచ్చెస్తానప్పా.”

ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి, సింగన్న ఆటోలోంచి తల బయటపెట్టి నన్ను దగ్గరకు రమ్మన్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

“డిపో ఎనకాల తల్లి కాడ ఇంకా రెండు పిల్లలున్నాయి బావూ. ఆవిడి ఒకదాన్ని తెచ్చుకుంటే నాకో ఫోను సెయ్యండి. ఏటి పేరెట్టిందో సెప్పండి సాలు. నానింక రాను లెండి.”