బోణీ మా ఇంట్లోనే

ఏటా మాత్రల వారం మొదలయ్యే పొద్దున్న, చెప్పులు తొడుక్కుని గడప దాటకముందే, రిజిస్టరు మొదటి పేజీలో మా ఇంటి మూడు పేర్లూ రాసేసేదాన్ని. మా ఆయన, నేను, మా అమ్మాయి. పక్కన మూడు టిక్కులు. బోణీ అన్నమాట. మా నాన్న టాటానగర్ స్టేషన్ బయట అరటిపళ్ళ బండి పెట్టేవాడు. మొదటి బేరం మంచి చేతిది కావాలని తెలిసినవాళ్ళని పిలిచి మరీ అమ్మేవాడు. నాకూ ఆ అలవాటే అబ్బింది. మొదటి గుమ్మంలోనే ఎవరైనా ‘వద్దు, పో’ అన్నారంటే సాయంత్రం దాకా అదే మాట వినాల్సి వస్తుందని నా బెదురు. మా ఇంట్లో అయితే అలా అనేవాళ్ళు లేరు కదా.

ఆ వేళకి మా ఆయన చద్దన్నం తింటూ ఉండేవాడు. మాత్రలు కంచం పక్కన పెట్టేదాన్ని. ఆయన కుడిచెయ్యి అన్నంలో ఉంటుంది కాబట్టి ఎడమచెయ్యి పట్టుకుని చూపుడువేలి గోటి మీద నల్ల మార్కరుతో గీత గీసేదాన్ని. ఆ గీత ఉంటే మనిషి మాత్రలు మింగినట్టు.

“మింగేయ్ మావా,” అనేదాన్ని.

“మింగుతాన్లే, నువ్వెల్లు. నీకు ఆలీసమైపోతంది,” అనేవాడు.

నేను సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయేదాన్ని.

టాటానగర్ సీతారాండేరాలో మా బస్తీకి నేను సహియాని. వేరే రాష్ట్రాల్లో ఆశా అంటారు. కాన్పులు, టీకాలు, ఎవరింట్లో దగ్గు, ఎవరింట్లో జ్వరం, అన్నీ మాకే కావాలి. వాటితో పాటు ఏడాదికోసారి బోదకాలు రాకుండా మాత్రలు మింగించడం. ఇది రోగం ఉన్నవాళ్ళకిచ్చే మందు కాదు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ మింగాలి. ఒకరి రక్తంలో తిరిగే సన్న పురుగుల్ని దోమ తాగి ఇంకొకరికి అంటిస్తుంది. ఒక్కసారి కుడితే వచ్చేది కాదు, ఏళ్ళ తరబడి కుట్టాలి. వచ్చాక కూడా ఏళ్ళ తరబడి పైకి కనిపించదు. అందుకే ప్రతివాడూ ఆ రోగం తనది కాదు, పక్కింటివాడిది అనుకుంటాడు.

మాది శ్రీకాకుళం వైపు. అక్కడ మా అమ్మమ్మ ఎడమకాలు మోకాలి దగ్గర నుంచి పాదం దాకా ఒకే లావుగా ఉండేది. సెలవులకి వెళ్ళినప్పుడు పిల్లలం ఆమె నడక నడిచి చూపించి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఆ వీధిలో అలాంటి కాళ్ళు ఇంకా ఉండేవి. పొట్ట చేతపట్టుకుని మా పెద్దవాళ్ళు వచ్చిన ఈ జార్ఖండ్‌లోనూ అదే దోమ, అదే కాలు. ఇక్కడ హాథీపావ్ అంటారు, అంతే తేడా.

శిక్షణలో మేడమ్ బోర్డు మీద ఎవరికి ఈ రోగం ఎక్కువగా వస్తుందో రాస్తుంటే మా ఇంట్లో నిలబడి రాస్తోందేమో అనిపించేది. ఇంటి వెనక కదలని మురిక్కాలువ. ఒకే గదిలో అందరూ పడుకోవడం. దోమతెర లేకపోవడం. ఇక్కడా అక్కడా రోగం ఉన్న రెండు ఊళ్ళ మధ్య రాకపోకలు. ఏటా మాత్రలు ఎగ్గొట్టడం. చివరిది తప్ప అన్నీ మావేనని నోట్‌బుక్కులో రాసుకున్నాను. చివరిది కూడా మాదేనని అప్పటికి రాసుకోలేదు.

నేను మెత్తదాన్ని కాను. మాత్రలు చేతికిచ్చి రాకూడదు, మన కళ్ళెదుటే మింగించాలి, అది రూలు. జనం వంకలకి అంతుండదు. కడుపు ఖాళీ అంటారు, ఈ రోజు ఉపవాసం అంటారు, నోట్లో గుట్కా ఉంది తర్వాత వేసుకుంటానంటారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన మాత్రలు నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నాకు నమస్కారం కూడా పెట్టాడు. “బాబాయ్, నాలుక పైకెత్తండి,” అన్నాను. ఎత్తాడు. మాత్రలన్నీ దాని కిందే ఉన్నాయి. అప్పటి నుంచి బస్తీలో పిల్లలు నాకు ‘జీభ్ దిఖావ్ దీదీ’ అని పేరు పెట్టారు. నాలుక చూపించమనే అక్క. సందు మొదట్లో నేను కనిపిస్తే చాలు, నాలుకలు బయటపెట్టి పరుగెత్తేవాళ్ళు. ఆ పేరంటే నాకు లోపల గర్వంగానే ఉండేది.

మొదటి ఏడు మా ఆయన కూడా నా కళ్ళెదుటే మింగాడు. అది చెప్పాలి. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. వణుకు, కళ్ళు తిరగడం, వాంతి. మర్నాడు పనికి పోలేకపోయాడు.

“ఏటి బిళ్ళలే ఇవి? మంచోడ్ని మంచాన పడేసినాయి. నీకో దండం, నీ బిళ్ళలకో దండం,” అన్నాడు దుప్పట్లోంచి.

ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది. మాత్రలు వేసుకున్నాక జ్వరం, వాంతి వస్తే భయపడొద్దని, రక్తంలో పురుగులున్నవాళ్ళకే ఎక్కువగా అలా అవుతుందని, అవి చస్తున్నాయనడానికి అది గుర్తని శిక్షణలో చెప్పారు. అలాంటి మనిషి తర్వాత ఏ ఏడూ మానకూడదని కూడా చెప్పారు. అదే వారం ఎదురింటి కోడలికి జ్వరం వస్తే గుమ్మంలో నిలబడి ఈ మాటలన్నీ అప్పజెప్పాను. “భయపడకమ్మా, మంచిదే. నీ లోపలున్నవి పోతన్నాయి,” అన్నాను. ఆ అమ్మాయి తర్వాత ప్రతి ఏడూ మింగింది.

మా ఇంట్లో మాత్రం ఆ జ్వరాన్ని, ముందురోజు సాయంత్రం బండి దగ్గర తిన్న చికెన్ పకోడీ మీదకి తోసేశాను. మజ్జిగ కలిపిచ్చి పడుకోమన్నాను. ఎందుకలా చేశానో నాకు తెలియదని అబద్ధం చెప్పను. జ్వరం గుర్తని ఒప్పుకుంటే ఆయన రక్తంలో పురుగులున్నాయని ఒప్పుకోవాలి. నాలుకలు ఎత్తించే మనిషి మొగుడికే బోదకాలు పురుగట అని బస్తీ అంతా చెప్పుకుంటుంది. రేపు ఏ గుమ్మంలో నిలబడను?

తర్వాతి ఏడు నుంచి కంచం పక్కన పెట్టి వచ్చేయడం మొదలైంది. ఊరందరి నోళ్ళూ తెరిపించిన దాన్ని, కట్టుకున్నవాడి గడ్డం పట్టుకుని నాలుక ఎత్తమనలేకపోయాను. అమ్మాయి నోరు తెరిపించాను. ఆయనది తెరిపించలేదు. మింగడం లేదని నాకు ఎక్కడో తెలుసు. గోటి మీద గీత మాత్రం ఏటా చక్కగా గీశాను.

మా ఆయన గోవింద్‌పూర్ వైపు ఒక చిన్న కార్ఖానాలో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద ఫిట్టరు. కార్ఖానా గేటు దాటాలంటే సేఫ్టీ బూట్లు ఉండాలి, వేళ్ళ మీద దెబ్బ తగలకుండా ముందు ఇనుప టోపీ ఉన్నవి. ఒక వానాకాలం ఆయన కుడి బూటు లేసులు పైదాకా కట్టడం మానేశాడు.

“తడికి తోలు బిగిసిపోయిందే,” అన్నాడు.

నేను సరేనన్నాను. తర్వాత ఒక నంబరు పెద్ద జత కొన్నాడు. ఎడమ బూటులో గుడ్డ కుక్కుకునేవాడు, కుడి బూటు సరిపోయేది. మధ్యమధ్య గజ్జల్లో బిళ్ళ కట్టి జ్వరం వచ్చేది. మూడు రోజులుండి పోయేది. పోయినప్పుడల్లా కాలి మీద కొంచెం వాపు మిగిల్చి పోయేది. అలాంటి జ్వరం గురించి ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని ప్రశ్నలడిగానో! మా ఇంట్లో పారాసెటమాల్ ఇచ్చాను.

రెండేళ్ళకి ఆ పెద్ద జత కూడా పట్టలేదు. ఒకరోజు పొద్దున్న ఆయన గడప మీద కూర్చుని బూటులో పాదం దూర్చడానికి తంటాలు పడుతున్నాడు. కొబ్బరినూనె రాశాడు. చెంచా వెనకవైపు పెట్టి తోశాడు. మడమ లోపలికి వెళ్ళలేదు. చెప్పులతో వెళ్ళాడు. గంటన్నరలో తిరిగొచ్చాడు.

“గేట్ కాడ సెక్యూరిటీవోడు ఆపేసినాడు. జూతా నహీ తో ఎంట్రీ నహీ అన్నాడు. బూటు లేకపోతే లోపలికి లేదంట.” చొక్కా గుండీలు విప్పుతూ మామూలుగా చెప్పాడు. “ఆడి తప్పేటుంది, రూలు కదా.”

మూడు నెలలు ఏ నంబరు బూటు దొరుకుతుందా అని తిరిగాం. సాక్చీ బజార్లో చెప్పులు కుట్టేవాడొకడు తోలు కోసి వెడల్పు చేశాడు. అది చూసి గేటు దగ్గర సేఫ్టీ బూటు కాదు పొమ్మన్నారు. ఆయన గేటు పాసు వాపసు తీసుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఫిట్టరు పని చేసిన మనిషి ఇంట్లో కూర్చున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు వేలితో కాలు నొక్కి చూశాడు. సొట్ట పడలేదు, వాపు అప్పటికే గట్టిపడిపోయింది. పన్నెండు రోజుల మందు రాశాడు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిచి, పడుకునేటప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోమన్నాడు. ఇవన్నీ నేను ఇళ్ళల్లో చెప్పే మాటలే.

“తగ్గుతాదా బాబూ?” అని అడిగాను, తెలిసి కూడా.

“పెరగకుండా చూసుకోవాలి, అంతే,” అన్నాడు హిందీలో.

ఏటేటా మింగి ఉంటే రాకపోయేదా అని అడిగాను. చెప్పలేం, ఎప్పుడు పట్టిందో ఎవరికి తెలుసు, చిన్నప్పుడే పట్టి ఉండొచ్చు అన్నాడు. మంచి మనిషి. ఆ మాటతో నా తప్పేమీ లేదని నన్ను వదిలేయాలని చూశాడు. కానీ మొదటి ఏటి జ్వరం సంగతి డాక్టరుకి తెలియదు, నాకు తెలుసు.

ఆ రోజు ఇంటికొచ్చాక మా ఆయన స్టూలెక్కబోతే నేను ఆపాను. “అలమారా మీద నీలం డబ్బా ఉంది, తీయి,” అన్నాడు. బిస్కెట్ల పాత డబ్బా. తీసి మూత తెరిచాను. పేపరు ముక్కల్లో మడిచిన చిన్న చిన్న పొట్లాలు. ఒక్కో ఏటి మాత్రలు ఒక్కో పొట్లం. వాటిలో నమిలి మింగాల్సిన మాత్రలు రంగు మారి కాగితానికి అంటుకుపోయాయి.

“పారేద్దామనుకున్నాను. నువ్వు ఎండలో మోసుకొచ్చినియ్యి కదా, పారేయడానికి మనసొప్పలేదు,” అన్నాడు. ఒక పొట్లం చేతిలోకి తీసుకుని, “ఇప్పుడు మింగెత్తే ఏటైనా పని సేత్తాయేటి?” అని అడిగాడు.

నేను గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చాను. ఆయన్ని తిట్టాలని నోటి దాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని తిట్టను? ప్రతి పొట్లానికీ నా రిజిస్టరులో ఒక టిక్కు ఉంది.

ఇప్పుడు ఆయన సోనారిలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుంటాడు. చెప్పులతో వచ్చినా పరవాలేదన్నారు. రోజంతా కాలు కిందకి వేలాడేసి కూర్చోకూడదని నాకు తెలుసు, ఆయనకీ చెప్పాను. కాలు ఎత్తి స్టూలు మీద పెట్టుకుంటే వచ్చేపోయేవాళ్ళకి మర్యాదగా ఉండదని సొసైటీవాళ్ళు అన్నారట. సాయంత్రానికి వాపు మరింత పెరుగుతుంది. వేళ్ళ సందుల్లో ఒరిసిపోయి వాసన వస్తోంది. కడుగుతాను, తుడుస్తాను, తెల్లారి మళ్ళీ కూర్చోవడానికి పంపిస్తాను. ఇందులో బాగుపడేది ఏమీ లేదు, ఇద్దరికీ తెలుసు.

నాకు అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆ మాత్రలు పొట్లాల్లో ఉన్న అన్నేళ్ళూ ఆయన రక్తం తాగిన దోమలు మేమంతా పడుకునే గదిలోనే తిరిగాయి. ఎదురింటికీ వెళ్ళాయి. మా అమ్మాయి మాత్రలు మింగింది, నిజమే. అయినా అది కాలేజీ నుంచి వచ్చి చాప మీద కాళ్ళు చాపుకుంటే నా చూపు దాని చీలమండల మీదే ఉంటుంది. రెండు కాళ్ళూ ఒక్కలా ఉన్నాయా లేదా అని.

“మమ్మీ, ఐసే మత్ ఘూరో,” అంటుంది, అలా గుడ్లప్పగించి చూడకని. కాళ్ళు లోపలికి ముడుచుకుంటుంది.

ఈ ఏడు మాత్రల వారానికి రిజిస్టరుతో పాటు ఇంకో కాగితం కూడా ఇచ్చారు. కాలు వాచినవాళ్ళ జాబితా. వరస నంబరు, పేరు, వయసు, ఏ కాలు, ఎన్నేళ్ళుగా. పొద్దున్న రెండూ చాప మీద పరిచి కూర్చున్నాను. మా ఆయన చద్దన్నం తినడం ఆపి నీళ్ళ గ్లాసు తీసుకున్నాడు. నమిలేది నమిలి, మిగతా మాత్రలన్నీ నోట్లో వేసుకుని మింగాడు. నేను అడగకుండానే నా వైపు తిరిగి నోరు తెరిచి నాలుక పైకెత్తాడు. దాని కింద ఏమీ లేదు. ఎడమచెయ్యి చాపితే గోటి మీద గీత గీశాను. రిజిస్టరులో మూడు పేర్లూ రాసి టిక్కులు పెట్టాను.

రెండో కాగితం మీద ఒకటో నంబరు వదిలేసి, రెండో నంబరు దగ్గర సందు చివరి ముసలమ్మ పేరు రాయడం మొదలుపెట్టాను. ఆయన మెడ చాచి చూశాడు.

“ఒకటో నంబరు వదిలేసినావేటే?” అన్నాడు. “బోణీ మనింట్లోనే కదా. రాయి.”

రాశాను.