పడవ ఎక్కని స్నేహితుడు

నాకు అనుమానం జాస్తి. మా ఇంట్లో ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే తేలిపోయింది. కొబ్బరికాయల లోడు పంపించాక డ్రైవరుకి ఫోన్ చేసి, వాడు రావులపాలెం దాటేనండీ అంటే, వెనకాల హైవే మోత వినిపిస్తోందా లేదా అని చెవి రిక్కించి వినే రకాన్ని నేను. కాబట్టి నా చిన్ననాటి స్నేహితుడి మీద అనుమానం రావడంలో వింత లేదు. ఇన్నేళ్ళు ఆలస్యంగా రావడమే వింత.

వాడూ నేనూ కొత్తపేట దగ్గర ఒకే ఊరివాళ్ళం. ఊరొకటే గానీ మా ఇల్లు నడివీధిలో, వాళ్ళ ఇల్లు ఊరి చివర పేటలో. స్నేహం మాత్రం హైస్కూల్లో కలిసింది. నేను చదువు అబ్బక పొలమూ తోటా చూసుకుని, కొబ్బరికాయల వ్యాపారంతో అమలాపురం చేరాను. వాడు చదువుకుని, హెడ్మాస్టరుగా రిటైరై, అక్కడే మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకున్నాడు. చర్చిలో వాడి మాటకి విలువ. ఊరంతా మేష్టారండీ అని చేతులు కట్టుకునే మనిషిని ఒరే అని పిలిచేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇద్దరికీ తిరుగుడు పిచ్చి. బండ్ల మీద మారేడుమిల్లి ఘాట్లన్నీ చుట్టాం. రైలెక్కి హిమాలయాలకు పోయాం. మంచులో ఓ కనుమ ఎక్కుతుంటే నాకు ఊపిరాడక కూలబడితే, నా సంచీ కూడా వాడే భుజాన వేసుకుని నన్ను పైదాకా నడిపించాడు. అక్కణ్ణించి లోయలోకి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. వాడు అంచున నిలబడి వేరుశనగ ఉండ కొరుకుతున్నాడు. భయమన్నది తెలియని మనిషనుకున్నాను.

అలాంటివాడు నీళ్ళ దగ్గరికొచ్చేసరికి మొహం చాటేసేవాడు. రిషికేశ్‌లో అందరం రబ్బరు పడవ ఎక్కుతుంటే వాడికి కడుపునొప్పి. ఒడ్డున మా చెప్పులకు కాపలా కూర్చున్నాడు. పాపికొండల దగ్గర తలనొప్పి. అండమాన్ వెళ్ళినప్పుడు ఎండదెబ్బ అని గదిలో పడుకున్నాడు. అక్కడికీ విమానంలోనే వెళ్ళాలని పట్టుబట్టింది వాడే. విడివిడిగా చూస్తే ఏ సాకులోనూ తప్పులేదు. ఒకరోజు వాలు కుర్చీలో కూర్చుని అన్నీ వరసగా తలుచుకున్నాను. అంతే, పురుగు తొలిచేసింది.

తలుచుకోవడానికి కారణం ఉంది. ఈ కార్తీకంలో పి.గన్నవరం అక్విడెక్టు వంతెన కింద నావ ఎక్కి, వైనతేయ పాయ మీదుగా సముద్రం దాకా పోవాలని నా కోరిక. రాత్రికి నది మధ్య ఏదో లంకలో పడక, ఇసుకలో వంట. ఇద్దరమే. తెడ్డు నేను వేస్తాను, చిన్నప్పటి నుంచీ అలవాటే. ఎక్కడెక్కడికో పోయాం గానీ మన గోదారి మీద కలిసి ఒక్క పూటయినా గడపలేదురా, మోకాళ్ళు పూర్తిగా పోకముందే పోదాం అన్నాను.

"చూద్దాంలేరా," అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

ఈసారి కూడా కడుపునొప్పి వచ్చిందంటే ఈ స్నేహానికి ఓ దణ్ణం పెట్టెయ్యాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. నాతో నీళ్ళ మీద ఒంటరిగా ఉండటం వాడికి ఇష్టం లేదు. ఎందుకు? నేనేం చేశాను? వాళ్ళబ్బాయి పెళ్ళిలో భోజనం చెయ్యకుండా వచ్చేశానని మనసులో పెట్టుకున్నాడా? ఆ రోజు నాకు ఒళ్ళు వెచ్చగా ఉందని చెప్పాను కదా. నమ్మలేదా? లేక రిటైరయ్యాక కొత్త స్నేహితులు దొరికి, ఈ కొబ్బరికాయలవాడు ఇక చాల్లే అనుకున్నాడా?

ఆ తర్వాత వాడి వాలకం మారింది. వారంలో రెండు మూడు రోజులు పొద్దుటే ఫోన్ కట్టేసేవాడు. ఓసారి టిఫిన్ హోటల్లో ఎదురైతే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జుట్టు తడిగా ఉంది. దగ్గరికి జరిగితే బ్లీచింగ్ వాసన కొట్టింది.

"ఏవిట్రా ఈ వాసన?"

"సబ్బు మార్చేను," అన్నాడు, ఇడ్లీ మీంచి తల ఎత్తకుండా.

బ్లీచింగ్ వాసన కొట్టే సబ్బు ఈ జిల్లాలో ఎక్కడ అమ్ముతున్నారో నాకైతే తెలియదు. మర్నాడు పొద్దుటే వాళ్ళింటి ముందు బండి లేదని చూసొచ్చి ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తింది.

"నడకకి వెళ్ళేరండీ అన్నయ్యగారూ."

"బండి కూడా లేదుగా ఇంట్లో? బండి మీద నడకేవిటమ్మా?"

"ఆయ్... బండి మీద వెళ్ళి, అక్కడ నడుస్తారండి," అంది.

ఆవిడ అబద్ధం చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. చెప్పడం రాదని కూడా తెలిసిపోయింది. ఫోన్ పెట్టేసి మా ఆవిడతో చెబితే, "మీకెందుకండీ ఈ కూపీలు? నేరుగా ఆయన్నే అడగొచ్చు కదా," అంది. అడిగితే చెబుతాడా అన్నాను. అడిగి చూశారా అంది. ఆడవాళ్ళకి ఇలాంటివి అర్థం కావని కసిరేశాను.

ఆ గురువారం పొద్దుటే స్కూటర్ తీసి వాళ్ళ వీధి మొగలో మాటు వేశాను. ఈ వయసులో ఇదేం పనని సిగ్గేసిన మాట నిజమే. అయినా వెళ్ళాను. వాడు బండి మీద రాజోలు రోడ్డు పట్టాడు. దూరంగా వెనకే పోయాను. వైనతేయ వంతెన మీద వేగం తగ్గించి, పిట్టగోడ వైపు తల తిప్పి చాలాసేపు నీళ్ళకేసి చూశాడు. దొరికావురా అనుకున్నాను. కింద ఏ పడవవాడితోనో ఏదో ఏర్పాటు చేసుకున్నట్టున్నాడు. నన్ను వదిలేసి ఎవరితోనో నది మీద పోతున్నాడన్నమాట.

రాజోలు దాటాక గోదారి ఒడ్డున ఓ రిసార్టులోకి తిరిగాడు. అక్కడ రేవులో రంగుల పడవలు కట్టేసి ఉన్నాయి. నా ఒళ్ళు మండిపోయింది. స్కూటర్ బయటే పడేసి, నాలుగు మాటలు దులిపేద్దామని లోపలికి నడిచాను.

వాడు పడవల దగ్గర లేడు. పూలమొక్కల అవతల, నీలం పలకలు పరిచిన ఈతకొలనులో ఉన్నాడు. లోతు తక్కువున్న వైపు పిల్లలు చేతులకి గాలిబుడ్డలు తొడుక్కుని గంతులేస్తున్నారు. వాళ్ళ మధ్య మా హెడ్మాస్టరు, నెత్తికి రబ్బరు టోపీ, మోకాళ్ళ దాకా నిక్కరు, గట్టు కడ్డీ రెండు చేతులా పట్టుకుని కాళ్ళు టపటపా కొడుతున్నాడు. నేర్పే కుర్రాడు, "మోకాళ్ళు వంచకండి సార్," అంటున్నాడు.

వాడు తల ఎత్తి నన్ను చూశాడు. కంగారు పడలేదు.

"వంతెన దగ్గర్నుంచీ వస్తున్నావు. అద్దంలో చూసేను," అన్నాడు. "ఆపుదావనుకున్నాను. పోనీలే, రానీ అనుకున్నాను."

నాకు ఎంత తేలికైపోయిందంటే, గట్టు మీద కూలబడి పకపకా నవ్వేశాను. ఇంతేనా! "కోనసీమలో పుట్టి ఈత రాదేవిట్రా నీకు?"

వాడు నవ్వలేదు. "నువ్వెక్కడ నేర్చుకున్నావు?"

"ఇంకెక్కడ, మన ఊరి కాలవ రేవులో."

"మన రేవా?" అన్నాడు. కడ్డీ వదలకుండానే నా దగ్గరికి జరిగాడు. గొంతు పెంచలేదు. "మీ రేవురా అది. మా పేట పిల్లలం కిందన, గేదెల్ని కడిగేచోట, మోకాలి లోతులో మునిగేవోళ్ళం. పైకొస్తే గట్టు మీంచి ఎవరో ఒకరు అదిలించేవోరు. మోకాలి లోతులో ఎవడికొస్తది ఈత? కాలవలో రానోడు గోదారిలో ఎలా దిగుతాడు?"

నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఆ రేవు మెట్లు నాకు బాగా గుర్తు. వేసవి సెలవుల్లో పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా అక్కడే ఉండేవాళ్ళం. అక్కడ వీడు ఎందుకు లేడన్నది ఈ వయసు వచ్చేదాకా నా బుర్రలోకి రానేలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి కోపం కూడా వచ్చింది.

"ఇన్నేళ్ళూ చెప్పొచ్చు కదరా నాకు."

"నువ్వు అడగొచ్చు కదా. కడుపునొప్పంటే ఊఁ అన్నావు. తలనొప్పంటే ఊఁ అన్నావు. నా వెనకాల స్కూటరేసుకుని ఇంతదూరం వచ్చేవు గానీ, నీళ్ళంటే భయమేవిట్రా అని ఒక్క మాట అడిగేవా?"

పక్కన పిల్లలు అరుచుకుంటూ నీళ్ళు చిమ్ముకుంటున్నారు. వాడి టోపీ కింద నుంచి నీళ్ళు కారి కళ్ళలో పడుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా కడ్డీ వదలడం లేదు.

"మరి కార్తీకానికి?" అన్నాను చివరికి.

"దానికే కదా ఈ అవస్త. నీతో రావాలనే ఉంది. ఇంకా తేలడం రావట్లేదు. నావలోంచి పడితే పట్టుకుంటావా?"

"అదేం మాటరా, నేనుండగా..."

"ఏమో మరి. అనుమానం నీకొక్కడికే ఉండాలా ఏవిటి?"

గోదారి జిల్లా మనిషి కదా, ఎటకారమనుకుని వాడి మొహంలోకి చూశాను. ఎటకారం కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

కౌంటర్ దగ్గరికి పోయి అద్దె నిక్కరూ టోపీ తీసుకున్నాను. నిక్కరు వదులు. బొడ్డు దగ్గర ముడివేసి దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వాడి పక్కన నిలబడి, వెల్లకిలా పడుకోమన్నాను. వీపు కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టాను. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయి ఉంది. గుండె దడదడా కొట్టుకోవడం నా అరచేతికి తెలుస్తోంది.

"కడ్డీ వదులు."

"వదులుతున్నాను."

వదల్లేదు. నేను తొందరపెట్టలేదు. నేర్పే కుర్రాడు ఏదో అనబోతే ఆగమని తల ఊపాను. కాసేపటికి ఒక చెయ్యి వదిలాడు. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ వదిలాడు. చాలాసేపటికి రెండోది కూడా వదిలి, బరువంతా నా చేతుల మీదికి రానిచ్చాడు.

కళ్ళు మూసుకోమన్నాను, ఒళ్ళు తేలికవుతుందని. మూసుకోలేదు. అలా తేలుతున్నంతసేపూ నా మొహంలోకే చూస్తూ ఉన్నాడు.